నాలుగు చక్రాలు... పదకొండు వందల దిబ్బలు!

ఊరుండదు. బంకుండదు. ఫోను పలకదు. దారంటే రెండు టైరు గాడులు, వాటికి అడ్డంగా వరసపెట్టి ఇసుక దిబ్బలు. ఆస్ట్రేలియా నడిబొడ్డున ఉన్న సింప్సన్ ఎడారిని ఫోర్‌వీల్ డ్రైవ్ బండిలో దాటి రావడం ఆ దేశంలో ఎంతోమందికి జీవితంలో ఒక్కసారైనా తీర్చుకోవాల్సిన ముచ్చట. మరి వాళ్లను అవతలి ఒడ్డుకు చేర్చేది బండి సత్తాయేనా? అదొక్కటే కాదంటుంది ఆ ఎడారి చరిత్ర!

దిబ్బ ఎక్కేటప్పుడు డ్రైవరుకు ఎదురుగా కనిపించేది ఆకాశం ఒక్కటే. బానెట్ పైకి లేచిపోతుంది. శిఖరం అవతల దారి కుడికి తిరిగిందో ఎడమకు తిరిగిందో తెలీదు. అటునుంచి మరో బండి ఇలాగే ఇంజన్ రొద చేసుకుంటూ ఎక్కి వస్తోందేమో, అదీ తెలీదు. అందుకే సింప్సన్‌లో తిరిగే ప్రతి బండికీ ముందువైపు జెండా కర్ర కట్టుకుంటారు. నేల నుంచి మూడున్నర మీటర్ల ఎత్తున ఎర్రగానో నారింజ రంగులోనో ఓ జెండా ఊగుతుంటుంది. బండి కనబడకముందే జెండా కనబడాలన్నది లెక్క. మన ఘాట్‌రోడ్డు మలుపుల్లో హారన్ కొట్టినట్టే అక్కడ రేడియోలో కేకేస్తారు. ‘ఫ్రెంచ్ లైన్... మూడు బళ్లు... తూర్పు వైపు వెళ్తున్నాం’ అని పదో నంబరు ఛానల్లో చెబుతారు. అటునుంచి బదులొస్తే ఎవరో ఒకరు పక్కకి తప్పుకుంటారు. రాకపోతే దిబ్బ ఎక్కుతారు. దిగుతారు. మళ్లీ దిబ్బ.

అలా వెయ్యీ నూరు సార్లు!

ఆంధ్రప్రదేశ్ కన్నా పెద్దది

ఆస్ట్రేలియాలో జనమంతా తీరాల వెంబడే ఉంటారు. లోపలికి వెళ్లేకొద్దీ ఊళ్లు పలచబడి, చివరికి ఎర్రమట్టి, ముళ్ల గడ్డి, ఆకాశం మాత్రమే మిగులుతాయి. ఆ లోపలి దేశాన్నే ‘ఔట్‌బ్యాక్’ అంటారు. దాని మధ్యలో దక్షిణ ఆస్ట్రేలియా, క్వీన్స్‌ల్యాండ్, నార్తర్న్ టెరిటరీల సరిహద్దులు కలిసే చోట పరచుకుని ఉంది సింప్సన్ ఎడారి. విస్తీర్ణం దాదాపు 1,76,500 చదరపు కిలోమీటర్లు. అంటే ఇప్పటి ఆంధ్రప్రదేశ్ మొత్తాన్ని అందులో పెట్టేసినా ఇంకా చోటు మిగులుతుంది. వాన ఏడాదికి 200 మిల్లీమీటర్లలోపే. కరవు సీమగా మనం చెప్పుకునే అనంతపురంలో కురిసేది 550 మిల్లీమీటర్ల పైమాటే. పోల్చి చూస్తే అనంతపురం పచ్చటి కోనసీమే!

ఈ ఎడారికో ప్రత్యేకత ఉంది. ఇక్కడి దిబ్బలు కుప్పలుకుప్పలుగా ఉండవు. దుక్కి దున్నిన చాళ్లలా వాయవ్యం నుంచి ఆగ్నేయానికి ఒకదాని పక్కన ఒకటి బారులు తీరి ఉంటాయి. ఒక్కో దిబ్బ పొడవు కొన్నిచోట్ల 200 కిలోమీటర్ల దాకా సాగుతుంది. ఆ పొడవు వెంట వెళ్తే పెద్ద కష్టం లేదు. కానీ దాటాలనుకునేవాడు వెళ్లాల్సింది అడ్డంగా. పడమటి నుంచి వీచే గాలికి ఆ వైపు వాలు కాస్త మెత్తగా, తూర్పు వైపు నిటారుగా తయారయ్యాయి. అందుకే తొలిసారి వెళ్లేవాళ్లను పడమర నుంచి తూర్పుకు రమ్మంటారు. ఎదురెళ్తే ప్రతి దిబ్బా గోడే మరి.

బావులు తెలిసినవాళ్లు

ఈ ఎడారిని మనుషులెవరూ లేని చోటు అనుకుంటే పొరపాటు. వాంగ్‌కాంగురు అనే ఆదివాసీలు ఇక్కడ కాపురాలు చేశారు. వాళ్లకు బళ్లు లేవు, ఒంటెలూ లేవు. ఉన్నది ఒక్కటే... నీళ్లెక్కడున్నాయో తెలియడం. దిబ్బల నడుమ పల్లాల్లో ఇసుక కింద వాననీరు దాగి ఉండే తావుల్ని గుర్తుపట్టి, మనిషి మాత్రమే దూరగలిగేంత ఇరుకు బావులు తవ్వుకున్నారు. వాటిని ‘మికిరి’ అంటారు. ఒక మికిరి నుంచి ఇంకో మికిరికి... అదే వాళ్ల రహదారి. 1886లో డేవిడ్ లిండ్సే అనే సర్వేయరు ఎడారి లోపలికి వెళ్లి రాగలిగాడంటే ఆ బావులు తెలిసిన ఆదివాసీ దారి చూపడం వల్లే. 1900 ప్రాంతానికి వాంగ్‌కాంగురులు ఎడారి వదిలి చుట్టుపక్కల పశువుల క్షేత్రాలకూ క్రైస్తవ మిషన్లకూ చేరిపోయారు. ఆలనాపాలనా లేక బావులు ఇసుకతో పూడిపోయాయి. దానితోనే ఆ దారీ పోయింది.

ఆ తర్వాత వచ్చినవాళ్లకు ఒంటె దిక్కయింది. ఆ ఒంటెల కథలో మన ఉపఖండానికీ భాగముంది. 1860లో బర్క్-విల్స్ యాత్ర కోసం కరాచీ రేవు నుంచి 24 ఒంటెల్ని ఓడలో మెల్‌బోర్న్‌కు తీసుకెళ్లారు. వెంట వాటిని తోలేవాళ్లూ వెళ్లారు. తర్వాత పదుల ఏళ్ల పాటు పంజాబ్, సింధ్, బలూచిస్థాన్, అఫ్గానిస్థాన్‌ల నుంచి ఒంటెలవాళ్లు వస్తూనే ఉన్నారు. ఎక్కడివాళ్లయినా అక్కడివాళ్లకి అందరూ ‘అఫ్గాన్లే’! ఔట్‌బ్యాక్‌కు ఉప్పూ పప్పూ, రైలు పట్టాలూ, టెలిగ్రాఫ్ తీగలూ మోసింది వాళ్లే. ఇవాళ అడిలైడ్ నుంచి డార్విన్ వెళ్లే రైలు పేరు ‘ది ఘాన్’. ఆ పేరు ఈ అఫ్గాన్ల మీదుగా వచ్చిందేనని చెబుతారు.

1936లో టెడ్ కోల్సన్ అనే రైతు, పీటర్ ఐన్స్ అనే ఆదివాసీ మిత్రుడితో కలిసి ఒంటెల మీద ఎడారిని ఆ చివరి నుంచి ఈ చివరికి దాటి, మళ్లీ వెనక్కీ వచ్చాడు. ఆ ఏడాది మంచి వానలు పడ్డాయి, ఒంటెలకు మేత దొరికింది. కోల్సన్ ఎంచుకున్నది ఆ అదనే. మోటారు బండి మాత్రం 1962 దాకా ఆగాల్సి వచ్చింది. రెగ్ స్ప్రిగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఒక నిస్సాన్ పెట్రోల్ బండిలో బయల్దేరాడు. వెంట ఎవరనుకున్నారు... భార్య గ్రిసెల్డా, ఇద్దరు పిల్లలు! దారి లేదు, ముందు వెళ్లినవాడి చక్రాల జాడా లేదు. అయినా బర్డ్స్‌విల్ చేరారు. గ్రిసెల్డా తర్వాత తమ ప్రయాణాల మీద పుస్తకం రాస్తూ దానికి ‘డ్యూన్ ఈజ్ ఎ ఫోర్ లెటర్ వర్డ్’ అని పేరు పెట్టింది. ఇంగ్లిష్‌లో నాలుగక్షరాల మాటంటే బూతుమాట. ఇసుక దిబ్బను ‘డ్యూన్’ అంటారు, దానికీ నాలుగక్షరాలే. వెయ్యి దిబ్బలు ఎక్కిదిగిన ఇల్లాలు అంతకన్నా మర్యాదగా ఏం చెబుతుంది!

ఆ మరుసటి ఏడాది చమురు కోసం వెతుకుతూ ఒక ఫ్రెంచ్ కంపెనీ బుల్డోజర్లతో ఎడారికి అడ్డంగా దారి చీల్చింది. తూర్పూ పడమరగా గీత గీసినట్టున్న ఆ బాటకే ‘ఫ్రెంచ్ లైన్’ అని పేరు. చమురు దొరకలేదు. దారి మిగిలింది.

వేడినీళ్లు, ఉప్పు మడుగులు

సాధారణంగా ప్రయాణం అడిలైడ్‌లో మొదలవుతుంది. పోర్ట్ అగస్టా, మారీల మీదుగా ఊడ్నడాట చేరేసరికే దాదాపు వెయ్యి కిలోమీటర్లు. 1960 జనవరి 2న 50.7 డిగ్రీలు నమోదైన ఊరది. ఆస్ట్రేలియా మొత్తమ్మీద అదే అత్యధిక ఉష్ణోగ్రత. 2022లో పశ్చిమ తీరంలోని ఆన్స్‌లో దాన్ని సమం చేసిందే గానీ దాటలేదు. అక్కణ్నుంచి ఉత్తరంగా వెళ్తే మౌంట్ డేర్. ఒక హోటలు, ఒక బంకు, ఒక మెకానిక్ షెడ్డు... ఊరంటే అంతే. అక్కడ ట్యాంకు నింపుకొంటే మళ్లీ నింపుకొనేది ఎడారి అవతల బర్డ్స్‌విల్‌లోనే. మధ్యలో సుమారు 500 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి తిరుపతి అంత దూరం కూడా ఉండదు. మన హైవే మీద పొద్దున బయల్దేరితే సాయంత్రానికి చేరిపోతాం. ఇక్కడ గంటకు 15-20 కిలోమీటర్ల నడక. మూడు నుంచి అయిదు రోజులు పడుతుంది.

దిబ్బలు మొదలవడానికి ముందు డాల్‌హౌసీ ఊటలు ఎదురవుతాయి. భూగర్భంలో ఆస్ట్రేలియా ఖండంలో అయిదో వంతుకు పైగా పరచుకున్న నీటి పొర నుంచి ఉబికొచ్చే జలమిది. ఎడారి అంచున చుట్టూ రెల్లు, నడుమ గోరువెచ్చని చెరువు! మునిగితే చిన్న చేపలు కాళ్లు గిల్లుతుంటాయి. మరికొంత దూరంలో పుర్నీ బోరు. అప్పట్లో చమురు కోసం తవ్వితే వేడినీళ్లు పడ్డాయి. వాటి చుట్టూ తుంగ మొలిచింది, పక్షులు చేరాయి.

నడి ఎడారిలో పోపెల్ కార్నర్ వస్తుంది. మూడు రాష్ట్రాల సరిహద్దులు కలిసే మూల. 1880లో ఆగస్టస్ పోపెల్ అనే సర్వేయరు ఒంటెల మీద దుంగ మోయించుకొచ్చి మరీ ఇక్కడ పాతాడు. తీరా చూస్తే అది పడింది ఒక ఉప్పు మడుగులో! కొలిచిన గొలుసు ఒక అంగుళం పొడవు ఎక్కువుందని తర్వాత తేలింది. ఆ అంగుళమే వందల కిలోమీటర్లు కొలిచేసరికి వందల మీటర్ల తేడాగా పెరిగింది. దుంగను పీకి అసలు చోట పాతాల్సి వచ్చింది. ఇక్కడింకో తమాషా ఏంటంటే, వేసవిలో మూడు వైపులా మూడు రకాల టైము నడుస్తుంది. దుంగ చుట్టూ తిరుగుతూ కొత్త సంవత్సరాన్ని మూడుసార్లు ఆహ్వానించొచ్చు. కాకపోతే ఆ సరదా ఎవరికీ తీరదు. డిసెంబరు 1 నుంచి మార్చి 15 వరకు అక్కడి ఎండలకు భయపడి ఏటా ఎడారి పార్కుల్ని మూసేస్తారు!

ఆఖరున, బర్డ్స్‌విల్ ఇక 35 కిలోమీటర్లే ఉందనగా, అన్నిటికన్నా పెద్ద దిబ్బ నిలబడి ఉంటుంది. దాని పేరు ‘బిగ్ రెడ్’. ఎత్తు 40 మీటర్లు. అంటే పన్నెండు పదమూడు అంతస్తుల భవనమంత!

గాలి తీస్తే ఎక్కుతుంది

మామూలు కారులో ఇంజన్ బలం రెండు చక్రాలకే వెళ్తుంది. ఆ రెండూ ఇసుకలో పట్టు తప్పితే తిరిగినచోటే తిరుగుతూ గొయ్యి తవ్వుకుంటాయి. ఫోర్‌వీల్ డ్రైవ్‌లో నాలుగు చక్రాలూ లాగుతాయి. ‘లో రేంజ్’ గేర్లు వేస్తే వేగం తగ్గి బలం పెరుగుతుంది. ఇంతవరకు అందరికీ తెలిసిందే. తెలియనిదల్లా, ఇసుకలో అన్నిటికన్నా అక్కరకొచ్చేది ఖరీదైన గేరుబాక్సు కాదు... చేతిలో ఇమిడే గాలి కొలిచే మీటరు!

తారురోడ్డు మీద 35-40 పాయింట్లుండే గాలిని ఎడారి అంచున ఆగి 15-18 పాయింట్లకు దించేస్తారు. టైరు కింద భాగం మెత్తబడి పొడుగ్గా పరచుకుంటుంది. బండి బరువు ఎక్కువ చోటు మీద పడేసరికి ఇసుకలోకి దిగబడదు. ఒంటె పాదం చేసేదీ ఇదే. అడుగు వేయగానే వెడల్పుగా విచ్చుకుంటుంది. గాలి తీయడానికి బద్ధకించినవాడు బలమంతా ఉపయోగించి దిబ్బ మీదికి దూకిస్తాడు. చక్రాలు గిర్రున తిరిగి వాలు మీద గుంతలు పడతాయి. వెనక వచ్చే ప్రతివాడికీ ఆ గుంతలే గండాలు. అందుకే అనుభవజ్ఞులు ఎదుటి బండి ఎంత పెద్దదని చూడరు, టైర్లలో గాలెంతని అడుగుతారు. తిరిగి గట్టి రోడ్డెక్కాక గాలి నింపుకోవడానికి చిన్న కంప్రెసర్ వెంట ఉండాల్సిందే. మెత్తని టైర్లతో వేగంగా వెళ్తే వేడెక్కి పేలతాయి.

దిబ్బ మీద బండి ఆగిపోతే ఏం చేయాలి? ఏమీ చేయకపోవడమే మొదటి సూత్రం. యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ బండి పాతుకుపోతుంది. స్టీరింగ్ తిప్పి అడ్డంగా మళ్లించబోతే దొర్లిపోతుంది. రివర్సు గేరు వేసి వచ్చిన గాడిలోనే తిన్నగా వెనక్కి దిగాలి. ఇంకో రెండు పాయింట్లు గాలి తీసి మళ్లీ ప్రయత్నించాలి. ఇసుకలో కూరుకుపోతే పారతో తవ్వి, చక్రాల కింద గట్టి పలకలు పెట్టి బయటికి తీస్తారు. రెండో బండి ఉంటే సాగే పట్టాతో లాగిస్తారు. అయితే ఆ పట్టాను బండి వెనక ట్రెయిలర్ తగిలించే ఇనుప గుండుకు మాత్రం కట్టకూడదు. లాగే ఊపులో అది ఊడి ఫిరంగి గుండులా దూసుకొచ్చి మనుషులు చనిపోయిన ఘటనలున్నాయి. ఛాసిస్‌కు బిగించిన కొక్కేలకే కట్టాలి.

కనబడని ముప్పు ఇంకొకటుంది. దారి నడుమ ఎదిగిన స్పినిఫెక్స్ గడ్డీ దాని గింజలూ బండి అడుగున పేరుకుంటాయి. సైలెన్సర్ వేడికి అవి అంటుకున్నాయంటే నిమిషాల్లో బండి బూడిదే. అందుకే ఆగినప్పుడల్లా టీ పెట్టుకోవడానికి ముందు బండి కిందికి తొంగిచూడాలి.

లీటర్ల లెక్క

ఇక అసలు లెక్కలోకి వద్దాం. మనిషికి రోజుకు 5 నుంచి 10 లీటర్ల నీళ్లు కావాలి. నలుగురు బయల్దేరారనుకుందాం. అయిదు రోజుల ప్రయాణం, బండి ఆగిపోతే సాయం వచ్చేదాకా మరో మూడు రోజులు. పదేసి లీటర్ల చొప్పున 320 లీటర్లు... అంటే 320 కిలోలు! తారురోడ్డు మీద వంద కిలోమీటర్లకు 12 లీటర్ల డీజిల్ తాగే పెద్ద బండి ఇసుకలో 20 లీటర్ల దాకా తాగుతుంది. 500 కిలోమీటర్లకు 100 లీటర్లు, వెనక్కి మళ్లాల్సి వస్తే మరో 50. అదో 125 కిలోలు. నలుగురు మనుషులు 280 కిలోలు. వెరసి 725 కిలోలు. తిండి, గుడారం, పార, రెండో స్టెప్నీ ఇంకా లెక్కలోకే రాలేదు. మరి చాలా ఫోర్‌వీల్ డ్రైవ్ బళ్లు మోయగలిగే బరువెంత? 600 నుంచి 800 కిలోల మధ్య!

చిక్కంతా ఇక్కడే ఉంది. నీళ్లు తగ్గిస్తే ప్రాణానికి ముప్పు. అన్నీ ఎక్కిస్తే బండి ఇసుకలో కూరుకుంటుంది, స్ప్రింగులు విరుగుతాయి, డీజిల్ ఇంకా తాగుతుంది. సామానంతా టాపు మీద పేరిస్తే దిబ్బ వాలు మీద బండి బోల్తా కొడుతుంది. అందుకే తెలిసినవాళ్లు బండికి ఇద్దరు చొప్పున, కనీసం రెండు బళ్లలో వెళ్తారు. ఒకటి ఆగినా రెండోది ఉంటుంది. నీళ్లను ఒకే ట్యాంకులో పోయరు. రాయి తగిలి అది చిల్లిపడితే అంతా ఇసుకపాలే కదా. నాలుగైదు డబ్బాల్లో విడివిడిగా సర్దుతారు. కుర్చీలూ, ఐస్‌పెట్టెలూ ఇంట్లో వదిలేస్తారు. వాంగ్‌కాంగురులు బావి నుంచి బావికి నడిచారు. ఇప్పటి యాత్రికుడు తన బావిని తానే మోసుకెళ్తాడు. తేడా అంతే!

బండిని వదిలితే...

సింప్సన్ తూర్పు అంచున మారీ నుంచి బర్డ్స్‌విల్ దాకా 517 కిలోమీటర్ల మట్టిరోడ్డు ఉంది. దాని పేరు బర్డ్స్‌విల్ ట్రాక్. టామ్ క్రూజ్ అనే ఆయన 1936 నుంచి ఇరవై ఏళ్లకు పైగా పాత లేలాండ్ లారీలో ఆ దారిన ఉత్తరాలు చేరవేశాడు. హాలీవుడ్ హీరో కాదండోయ్, పేరొక్కటే! 1954లో ఆయన మీద తీసిన ‘ది బ్యాక్ ఆఫ్ బియాండ్’ డాక్యుమెంటరీకి వెనిస్ చిత్రోత్సవంలో బహుమతి దక్కింది.

ఆ దారికే చేదు జ్ఞాపకమూ ఉంది. 1963 డిసెంబరులో, క్రిస్మస్ ముందు, ఇంగ్లండ్ నుంచి వలస వచ్చిన ఒక కుటుంబం కారులో మారీ నుంచి ఉత్తరానికి బయల్దేరింది. తల్లి, తండ్రి, ముగ్గురు కొడుకులు. మధ్యలో దారి తప్పారు. పెట్రోలు అయిపోయింది. ఆ సంగతీ, నీళ్లు కొద్దిగానే ఉన్న సంగతీ ఒక కాగితం మీద రాసి కారులో వదిలి నీళ్లు వెతుక్కుంటూ నడిచారు. వెతికేవాళ్లకు ముందు కారు దొరికింది. తర్వాతే మనుషులు... అప్పటికి ఎవరూ ప్రాణాలతో లేరు. ఆ ఐదుగురినీ అక్కడే ఒక ఇసుక దిబ్బ మీద ఖననం చేశారు.

ఔట్‌బ్యాక్‌లో ప్రతి పోలీసు ఠాణా, ప్రతి పార్కు కార్యాలయం చెప్పే మొదటి మాట వెనక ఇలాంటి చావులెన్నో ఉన్నాయి. ‘బండిని వదలొద్దు’ అన్నదే ఆ మాట. ఆకాశం నుంచి చూసేవాళ్లకు మనిషి చుక్కంత. బండి మెరుస్తూ కనబడుతుంది. దాని నీడ కింద కూర్చుంటే ఒంట్లో నీరు నిలుస్తుంది. నలభై అయిదు డిగ్రీల ఎండలో నడిస్తే గంటకు లీటరుకు పైగా చెమట రూపంలో పోతుంది. చేతిలో ఉన్న రెండు సీసాల నీళ్లు మధ్యాహ్నానికే అయిపోతాయి. నడవాలన్న తొందర సహజం. ఊరికే కూర్చోవడమంటే చేతులు ముడుచుకోవడమే అనిపిస్తుంది. కానీ ఎడారిలో కూర్చోవడమే పని. కదల్లేని బండి ఇక వాహనం కాదు, ఇల్లు. నీడా, ఆనవాలూ అదే.

ఆ కుటుంబానికి లేని సాధనాలు ఇప్పుడున్నాయి. మీట నొక్కితే 406 మెగాహెర్ట్‌జ్ సంకేతం ఉపగ్రహాల ద్వారా కాన్‌బెర్రాలోని సహాయ కేంద్రానికి చేరేలా అరచేతిలో పట్టే బీకన్లు వచ్చాయి. శాటిలైట్ ఫోన్లు అద్దెకు దొరుకుతాయి. ఒంట్లో బాగాలేకపోతే చికిత్స కోసం రెక్కలు కట్టుకుని డాక్టరే వస్తాడు. 1928లో జాన్ ఫ్లిన్ అనే మతబోధకుడు క్లాన్‌కరీలో ప్రారంభించిన ‘ఫ్లయింగ్ డాక్టర్’ సేవ ఇవాళ దేశమంతటా విస్తరించింది. మరుసటి ఏడాదే ఆల్ఫ్రెడ్ ట్రేగర్ సైకిల్ పెడళ్లు తొక్కితే పనిచేసే రేడియో తయారుచేసి మారుమూల ఇళ్లకు గొంతునిచ్చాడు. అయినా సరే... సంకేతం నిమిషాల్లో చేరొచ్చుగానీ మనుషులు చేరడానికి గంటలు పడుతుంది. ఒక్కోసారి రోజే గడిచిపోతుంది. ఆ లోపల ప్రాణం నిలిపేది మళ్లీ ఆ నీళ్ల డబ్బాలే.

ఎడారిలో వరద!

ఇక్కడ నీళ్లు లేకపోవడమే కాదు, ఉండటమూ ప్రమాదమే. పది మిల్లీమీటర్ల వాన పడితే చాలు, దిబ్బల నడుమ బంకమట్టి జిగురులా మారి నాలుగు చక్రాల్నీ పట్టేస్తుంది. రోడ్లు మూసేస్తారు. మూసిన రోడ్డెక్కితే జరిమానా. అంతకు మించి ఒక్క బండి తడిమట్టిలో చేసిన లోతైన గాడులు ఎండాక నెలల తరబడి అందరినీ బాధిస్తాయి. 2025 మార్చి, ఏప్రిల్ నెలల్లో పశ్చిమ క్వీన్స్‌ల్యాండ్‌లో కుండపోత కురిసింది. ఆ నీరు నదులూ వాగులూ దాటుకుంటూ నెలల తర్వాత వందల కిలోమీటర్ల దూరంలోని కాటితాండా-ఐర్ సరస్సుకు చేరింది. అంటే చుక్క వాన పడని చోట, నీలాకాశం కింద వరద వచ్చి దారి మూసేస్తుంది. బయల్దేరే రోజున రోడ్ల పరిస్థితి కనుక్కోకుండా కదలకూడదన్నది అందుకే.

అనుకూలమైన కాలం మే నుంచి సెప్టెంబరు దాకా. పగలు హాయిగా ఉంటుంది. రాత్రిళ్లు మాత్రం సున్నా దగ్గరికి పడిపోతుంది. రగ్గులు మరిచినవాళ్లకు ఎడారి అంటే వేడే అన్న భ్రమ ఒక్క రాత్రిలో వదిలిపోతుంది.

మనవాళ్లు వెళ్లొచ్చా?

2021 జనాభా లెక్కల ప్రకారం ఆస్ట్రేలియాలో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు 60 వేలకు చేరువలో ఉన్నారు. సిడ్నీ, మెల్‌బోర్న్‌లలోని పిల్లల దగ్గరికి వెళ్లొచ్చే అమ్మానాన్నలు సరేసరి. అక్కడా మనలాగే రోడ్డుకి ఎడమవైపు నడుపుతారు కాబట్టి స్టీరింగ్ కొత్తగా అనిపించదు. అలాగని సిటీలో కారు తీసుకుని సరదాగా వెళ్లొద్దామనుకుంటే కుదరదు. చాలా అద్దె సంస్థలు తమ బళ్లను సింప్సన్‌లోకి అనుమతించవు. కాదని వెళ్తే బీమా వర్తించదు. సొంత బండి, అనుభవం ఉన్నవాళ్లు కూడా ముందు ఒకరోజు శిక్షణ తరగతికి వెళ్లి ఇసుకలో నడపడం నేర్చుకుంటారు. తొలిసారి వెళ్లేవాళ్లకు మేలైన పద్ధతి మరోటుంది. అనుభవమున్న గైడు ముందు బండిలో ఉంటే అయిదారు బళ్లు వెనకే వెళ్లే యాత్రలు నడుస్తుంటాయి.

దక్షిణ ఆస్ట్రేలియా వైపు పార్కుల్లో తిరగడానికి ‘డెజర్ట్ పార్క్స్ పాస్’ కొనాలి. అక్కడి ఎడారి భాగాన్ని 2021లో ‘ముంగా-థిర్రి సింప్సన్ డెజర్ట్ జాతీయ పార్కు’గా ప్రకటించారు. 36 వేల చదరపు కిలోమీటర్లతో అప్పటికి ఆ దేశంలోకెల్లా పెద్ద జాతీయ పార్కు అదే. ముంగా-థిర్రి అంటే వాంగ్‌కాంగురు భాషలో పెద్ద ఇసుక దిబ్బల సీమ అని అర్థం. బావులు పూడిపోయినా పేరు మాత్రం తిరిగొచ్చింది.

బర్డ్స్‌విల్‌లో జనాభా వందకు కాస్త అటూఇటూ. 1884 నాటి హోటలు, బంకు, పోలీసు ఠాణా. ఇక్కడికి చేరినవాళ్లు ముందుగా టైర్లలో గాలి నింపుకొంటారు, ఎర్రదుమ్ము దులుపుకొంటారు, హోటలు ముందు ఫొటో దిగుతారు. అన్నిటికన్నా ముందు చేయాల్సిన పని వేరే ఉంది. బయల్దేరేటప్పుడు ఇంట్లోనో, స్నేహితులకో ‘ఫలానా రోజుకు చేరతాం, ఫోను రాకపోతే పోలీసులకు చెప్పండి’ అని చెప్పి ఉంటారు కదా, వాళ్లకు ఫోను చేయడం! సంబరంలో ఈ ఒక్క కాల్ మరచిపోతే అవతల విమానాలు లేస్తాయి, పనులు మానుకుని జనం వెతుకులాటకు దిగుతారు. ఇంకెక్కడో నిజంగా ఆపదలో ఉన్నవాళ్లకు అందాల్సిన సాయం ఆలస్యమవుతుంది.

అందుకే అనుభవజ్ఞుల లెక్కలో యాత్ర ముగిసేది ఆఖరి దిబ్బ దిగినప్పుడు కాదు. ‘చేరాం’ అన్న ఒక్క మాట అవతలివాళ్ల చెవిన పడినప్పుడు!